చూపు నేర్చే ఏళ్లు

చార్మినార్ వెనక శాలిబండ వైపు మళ్లే గల్లీల్లో వరఖ్ కొట్టే దుకాణం ఒకటి ఇంకా మిగిలి ఉంది. మిఠాయిల మీదా, మీఠా పాన్ మీదా అంటించే వెండి రేకు అక్కడ తయారవుతుంది. పొద్దున్నే అటు వెళ్తే ముందు చప్పుడు వినిపిస్తుంది, తర్వాత దుకాణం కనిపిస్తుంది. నున్నటి రాతి పలక, దాని మీద ఒక పక్క కుట్టిన ఆకుల దొంతర, ఆకుకూ ఆకుకూ మధ్య చిటికెన వేలి గోరంత వెండి ముక్క, పైనుంచి ఒకే లయలో పడే బరువైన సుత్తె. గంటల తరబడి కొడితే ఆ ముక్క అరచేయంత సాగి, మైక్రాన్ కన్నా పలచబడి, ఊపిరి తగిలితే లేచిపోయేంత తేలికవుతుంది. 2016లో వచ్చిన ఆహార భద్రతా నిబంధన ఈ పనిలో జంతు సంబంధమైనదేదీ వాడకూడదంది. పాత తోలు దొంతర్ల స్థానంలో కాగితం వచ్చింది, యంత్రాలూ వచ్చాయి. నేను అక్కడ నిలబడిపోయేది మాత్రం వేరే సంగతి చూసి. కొట్టే పెద్దాయన దొంతర విప్పకుండానే ఉన్నట్టుండి సుత్తె ఆపేస్తాడు. విప్పితే రేకులన్నీ సరిగ్గా సాగి ఉంటాయి, ఇంకో నాలుగు దెబ్బలు పడితే చిరిగేవే. పక్కన డిగ్రీ చదివే మనవడు కూచుని ఉంటాడు. అతను కొట్టడం తక్కువ, చూడడం ఎక్కువ. ఏం నేర్పుతున్నారని అడిగితే పెద్దాయన "దేఖ్‌తే దేఖ్‌తే ఆ జాతా సాబ్" అన్నాడు. చూడగా చూడగా వచ్చేస్తుందట. ఏమిటది, వచ్చేది? చూడడం కూడా ఒకరి పక్కన కూచుని ఇంకొకరు నేర్చుకోవలసిన పనేనా? కళ్లున్నవాళ్లకు చూపు వేరే కావాలా? జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి జువాలజీ చెప్పినవాణ్ణి, పిల్లలను మైక్రోస్కోపుల ముందు వరసగా నిలబెట్టినవాణ్ణి. ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

వదలకపోవడానికి మా పక్కింటి అమ్మాయి కూడా ఒక కారణం. మా గల్లీలోనే పుట్టి పెరిగింది. బడి పిల్లగా ఉన్నప్పుడు, సీఎస్ఐఆర్ స్థాపన దినోత్సవానికి తలుపులు తెరిచిన రోజున, హబ్సీగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు వెళ్లి మొదటిసారి పెద్ద మైక్రోస్కోప్ చూసొచ్చింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల దారి అటే. ఈ మధ్యే పీహెచ్‌డీ పూర్తయింది. ఇప్పుడు చేతిలో ఒక ప్రకటన ఉంది. యూరప్‌లో ఒక ప్రయోగశాల, సెల్యులర్ న్యూరోసైన్స్, సినాప్స్ ఇమేజింగ్, పోస్ట్ డాక్టోరల్ పరిశోధకురాలి స్థానం, రెండేళ్లకు ఒప్పందం, ఆ తర్వాత పొడిగించే వీలు. నాడీకణాలను పెంచడం రావాలి, బతికున్న కణాలను చిత్రించడం రావాలి, ఆ చిత్రాలను కంప్యూటర్‌లో విశ్లేషించడం రావాలి. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి కూచుంది. "పీహెచ్‌డీ అయిపాయె సారూ, పేరు ముందట డాక్టరని రాసుకుంటున్నది. మల్ల ఇంకేం నేర్సుకుంటది? నౌకరంటే నౌకరి గాదు, సదువంటే సదువు గాదు. పెండ్లి సంబంధాలు సూసెటోళ్లకు ఏమని చెప్పాలె?" ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? మన ఇళ్లలో చదువుకు ఒక లెక్కుంది, ఉద్యోగానికి ఒక లెక్కుంది. ఈ రెండింటి మధ్య పడ్డ ఏళ్లను ఏ ఖాతాలో వేయాలో ఎవరూ చెప్పలేదు. నేనే ఆ అమ్మాయిని అడిగాను, నీకు రానిది వాళ్ల దగ్గర ఏముందమ్మా అని. "ఇప్పుడు నేను చుక్కలు చూస్తున్న సార్. వాళ్లు ఆ చుక్కల లోపల ఏమున్నదో చూస్తరు" అంది.

ఆ చుక్కల సంగతి తర్వాత నెమ్మదిగా చెప్పించుకున్నాను. ఎలుక పిండం మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం నుంచి కణాలు తీసి, పలచటి గాజు బిళ్ల మీద పెంచుతారు. రెండు మూడు వారాలకు అవి పోగులు చాచుకుని ఒకదాన్నొకటి చేరుకుంటాయి. చేరుకున్న చోటే సినాప్స్, మన పాఠ్యపుస్తకాల్లో నాడీసంధి. ఇవతలి కణం కొసలో ఉండే బాసూన్ అనే ప్రోటీన్‌కు ఆకుపచ్చ రంగు, అవతలి కణంలో ఉండే హోమర్ అనే ప్రోటీన్‌కు ఎర్ర రంగు తగిలిస్తారు. చీకటి గదిలో కూచుని లేజర్ వేస్తే పోగుల వెంబడి ఆకుపచ్చ చుక్కలు, ఎర్ర చుక్కలు, రెండూ కలిసిన చోట పసుపు చుక్కలు. ఆ పసుపు చుక్కే సినాప్స్ అని లెక్కపెట్టుకుంటారు. కానీ ఆ పసుపు నిజంగా అక్కడ లేదు. రెండు ప్రోటీన్లూ వేర్వేరు కణాల్లో, నడుమ ఖాళీతో ఉన్నాయి. ఆ ఖాళీ దాదాపు 20 నానోమీటర్లు. కాంతితో పనిచేసే మామూలు మైక్రోస్కోప్ 200 నానోమీటర్ల కన్నా దగ్గరున్న రెండు వస్తువులను విడదీసి చూపలేదు. వాన నీళ్లు కారే ఆటో అద్దంలోంచి మదీనా చౌరస్తా దీపాలను చూస్తే పక్కపక్కవి ఒకటే మచ్చగా కలిసిపోవూ, అలాగే. ఈ హద్దును 1873లో ఎర్న్‌స్ట్ ఆబె అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు. కాంతి స్వభావమే అంత కనుక కటకాన్ని ఎంత నునుపుగా అరగదీసినా లాభం లేదన్నాడు. నూటికి పైగా ఏళ్లు అది అలాగే నిలిచింది. అణువులన్నిటినీ ఒకేసారి వెలగనివ్వకుండా కొన్ని కొన్నిగా మినుకుమనిపించి, ఒక్కోదాని చోటు లెక్కగట్టి, వేల ఫ్రేములు కలిపి బొమ్మ కట్టే పద్ధతి ఒకటి, వెలిగే మచ్చ అంచులను ఇంకో కాంతితో ఆర్పేసి నడుమ సన్నటి బిందువునే మిగిల్చే పద్ధతి ఇంకొకటి వచ్చి ఆ హద్దును దాటాయి. బెట్‌జిగ్, హెల్, మోర్నర్‌లకు 2014లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది అందుకే.

అయితే పరికరం కొంటే పని అయిపోతుందా? నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఆ అమ్మాయి ఇక్కడే చెప్పింది. రంగు అణువుకు ఆయుష్షు ఉంటుంది. కాంతి పడిన కొద్దీ అది మాసిపోతుంది. అంటే చూసిన ప్రతిసారీ, చూస్తున్నది కొంత తరిగిపోతుంది. బతికున్న కణమైతే ఆ కాంతికి దెబ్బ తింటుంది కూడా. గది ఏసీ కాస్త ఎక్కువైనా తక్కువైనా ఫోకస్ జారుతుంది. కాబట్టి ఏ పోగు మీద కాంతి ఖర్చుపెట్టాలి, దేన్ని వదిలేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మొదటి చూపులోనే తేల్చుకోవాలి. పైగా లెక్కలు కట్టే కంప్యూటర్ లేనిదాన్ని కూడా అందంగా గీసి చూపించగలదు. ఒకే అణువు పదిసార్లు మినుకుమంటే పది అణువుల గుంపని నమ్మించగలదు. పని వచ్చినవాళ్లు తమ బొమ్మను తామే ముందు అనుమానిస్తారట. ఇదంతా ఏ పుస్తకంలోనూ పూర్తిగా రాయరు, రాసినా అందదు. చేసేవాళ్ల భుజం పక్కన కూచుని, వాళ్లు ఏ బొమ్మ చూసి పెదవి విరిచారో, ఏది చూసి కుర్చీ ముందుకు లాక్కున్నారో గమనించాలి. నేను చదివిన జువాలజీలో ఈ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదు? నేను మాత్రం నా పిల్లలకు ఎక్కడ చెప్పాను? గుండ్రంగా కనిపించేది కేంద్రకం, గీసుకోండి అన్నాం, గీసుకున్నారు.

ఆ తర్వాత పాత చరిత్ర తిరగేస్తుంటే ఇదే సంగతి పదే పదే తగిలింది. ఆబె హద్దు చెప్పిన 1873లోనే ఇటలీలో కమిల్లో గోల్గీ మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి, ఆ తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ముంచే పద్ధతి ప్రకటించాడు. పసుప్పచ్చటి నేపథ్యం మీద ఒక్కో నాడీకణం కొమ్మలతో సహా నల్లగా తేలింది. వెండి నూటికి ఏ రెండు మూడు కణాలకో పట్టి మిగతావాటిని వదిలేస్తుంది. అందుకే అడవిలో చెట్టు విడిగా కనబడింది. అన్నీ పట్టి ఉంటే అంతా నలుపే. స్పెయిన్ దేశపు రామోన్ ఇ కహాల్ ఈ సంగతి పుస్తకాల్లో చదివాడేమో కానీ, కళ్లారా చూసింది 1887లో. మాడ్రిడ్‌లో లూయిస్ సిమార్రో అనే వైద్యుడు పారిస్ నుంచి తెచ్చుకున్న స్లైడును తన ఇంట్లో ఆయనకు చూపించాడు. ఆ చూపుతోనే కహాల్ జీవితం మళ్లింది. మరుసటి ఏడాదికే పక్షుల చిన్నమెదడు మీద తన మొదటి ఫలితాలు అచ్చువేశాడు. ఎదిగిన జంతువుల మెదడులో పోగులు మరీ చిక్కుపడి ఉంటాయని గ్రహించి, పిండాల మెదళ్లు ఎంచుకున్నాడు, వెండి పూత రెండుసార్లు పట్టించాడు. ఎక్కడ చూడాలో ఆయనకు తెలిసింది. నాడీకణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు, తాకేంత దగ్గరకు వచ్చి విడిగానే ఉంటాయి అన్నాడు. అదే వెండితో అలాంటి స్లైడులే చూసిన గోల్గీ మాత్రం అంతా ఒకటే అల్లిక అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, ఆ వేదిక మీద కూడా గోల్గీ తన మాట వదల్లేదు. కహాల్ చెప్పిన ఆ ఖాళీని మనిషి నేరుగా చూసింది 1950ల నడుమ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక. అప్పటికి ఇద్దరూ లేరు. కనబడని ఖాళీని ఒకడు చూశాడు, ఆ పద్ధతి కనిపెట్టినవాడే చూడలేకపోయాడు. దీన్ని ఏమనాలి?

మన ఊళ్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఛార్లెస్ షెరింగ్టన్ అనే శాస్త్రవేత్త నాడీకణాల ఆ సంధికి సినాప్స్ అని పేరు పెట్టిన పుస్తకం 1897లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 20న మూసీకి అవతల బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ కథ మనందరికీ తెలిసిందే. చెమటకు తుప్పుపట్టిన మరలు, పగిలిన కటకం, దోమలు చెదిరిపోతాయని పంకా కూడా వేసుకోని ఉక్క, దోమకు అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్న హుసేన్ ఖాన్. అంతగా చెప్పుకోనిది ఒకటుంది. రాస్ చాలాకాలం మలేరియా రోగుల రక్తం చూసి చూసి, లావెరాన్ అనే వైద్యుడు చెప్పిన క్రిమి కనబడక, అసలు అలాంటిది ఉందా అని సందేహించాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్తే పాట్రిక్ మాన్సన్ తన మైక్రోస్కోప్ కింద అది చూపించాడు. అంతకుముందు రాస్ కంటి ముందు నుంచి ఆ క్రిమి ఎన్నిసార్లు దాటిపోయిందో కదా. మాన్సన్ పక్కన నిలబడి చూపించకపోతే బేగంపేటలో ఆ రోజు ఉండేదా?

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఇంట్లో తెలుగు, బళ్లో నిజాం కాలపు ఉర్దూ. చివరి ఏళ్లలో మతిమరుపు జబ్బు ముదిరి నన్ను ఎవరో వచ్చారనుకునేవారు. "ఎవరి బాబువి నాయనా" అని మర్యాదగా అడిగేవారు. అదే మనిషి మంచం మీద కూచుని ఉర్దూలో పందొమ్మిదో ఎక్కం తడబడకుండా చెప్పేవారు. డాక్టరు స్కాన్ తీయించి, మెదడు కుంచించుకుపోయిందని వెలుగులో పెట్టి చూపించాడు. మెదడంతా కనబడింది, నా పేరు ఎక్కడ తెగిపోయిందో కనబడలేదు. ఆ బొమ్మలో ఒక ఘన మిల్లీమీటరు చుక్కలో కోట్లకొద్దీ సినాప్సులు ఉంటాయని నాకు అప్పుడు తెలియదు. అల్జీమర్స్ రోగుల్లో తెలివి ఎంత తగ్గిందన్నది మెదడులో పేరుకున్న మచ్చల కన్నా, సినాప్సులు ఎన్ని పోయాయన్న దానితోనే ఎక్కువ సరిపోతోందని రాబర్ట్ టెర్రీ బృందం 1991లో చూపింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో పోస్ట్ డాక్ చేసి, మన దేశానికి తిరిగొచ్చి మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం బెంగళూరు నుంచి 2018లో ఇంకో మెట్టు ఎక్కింది. అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా తయారుచేసిన ఎలుకల్లో, మచ్చలు పేరుకోవడానికి చాలా ముందే, సినాప్సును అవతలి వైపు నిలబెట్టే ఆక్టిన్ పోగులు చెదిరిపోతున్నాయని ఆ బృందం చూపింది. అందులో కాంతి హద్దు దాటిన ఇమేజింగ్ పని దీపక్ నాయర్ ప్రయోగశాలది. ఆయన ఆ చూపు నేర్చుకున్నది ఫ్రాన్స్‌లోని బోర్డోలో, డేనియల్ షోకే దగ్గర పోస్ట్ డాక్‌గా. సినాప్సులో సంకేతం అందుకునే రిసెప్టర్లు కదలకుండా పాతుకుని ఉండవు, పొర మీద తిరుగుతూ ఉంటాయని ఒక్కో అణువు వెంటపడి చూపించిన చోటు అది. బోర్డోలో కూచున్న ఆ ఏళ్లు లేకపోతే బెంగళూరులో ఆ బొమ్మ లేదు. నాన్నకు ఇదేదీ అందలేదు, అందే కాలం కూడా కాదు. కానీ ఎక్కడ తెగుతుందో చూడగలిగినవాళ్లు ఉన్నారని తెలిసినప్పుడు నాకు కలిగినది ఓదార్పే.

ఇంత చెప్పాక ఒక సందేహం నన్ను పట్టుకుంటుంది. పక్కన కూచుని నేర్చుకోవడం అనేదాన్ని నేను మరీ నెత్తిన పెట్టుకుంటున్నానా? ఇదే పాత బస్తీలో 2015 జనవరిలో గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లలను విడిపించారు. బీహార్ నుంచి తెచ్చిన పిల్లలు, గాలి ఆడని గదులు, రసాయనాల వాసన. వాళ్లను పెట్టుకున్నవాళ్లు కూడా పని నేర్పుతున్నామనే అన్నారేమో. పనితనం పేరుతో మనిషిని పిండుకోవడం ఎంత తేలికో ఆ గల్లీల్లో తిరిగేవాళ్లకు తెలుసు. ప్రయోగశాలల్లో ఆ ప్రమాదం లేదా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రి పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే పక్కన నిలబడ్డాడు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో, ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, కణాల్లో శక్తిని మోసే ఏటీపీ 1929లో వాళ్లిద్దరి పేర్ల మీద వచ్చాయి. మెదడు మన బరువులో నూటికి రెండు పాళ్లే, కానీ ఒంటి శక్తిలో ఐదో వంతు తింటుంది. అందులో పెద్ద భాగం సినాప్సుల దగ్గరే ఖర్చవుతుంది. మా నాన్న చెప్పిన ఒక్కో ఎక్కానికీ ఆయన మెదడు ఆ ఏటీపీనే చెల్లించింది. అంత పని చేసిన మనిషికి హార్వర్డ్ శాశ్వత స్థానం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయాడు. పక్కన కూచున్నవాడి పేరు ఎక్కడ పడాలి, అతని కడుపు ఎలా నిండాలి, ఎన్నేళ్లకు తన సొంత బల్ల దొరకాలి అన్నవి అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ పూర్తిగా తేలలేదు. వాళ్లమ్మ భయం ఉత్త పెళ్లి భయమని కొట్టిపారేయలేను.

అయినా నా మొగ్గు ఆ అమ్మాయి వైపే. ఆ ఏళ్లు వృథా కావని నాకు గట్టి నమ్మకం. పీహెచ్‌డీ ఒక ప్రశ్నను చివరిదాకా మోయడం నేర్పుతుంది. ఆ తర్వాతి ఏళ్లు, వేరొక గదిలో, వేరొకరి పక్కన, చూపును పదును పెడతాయి. బోర్డోకే వెళ్లాలని లేదు, మన దేశంలోనూ దారులున్నాయి. జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లకు ఇస్తారు, వయసు హద్దు 35 ఏళ్లు, మహిళలకు ఐదేళ్ల సడలింపు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపిన ఇండియా అలయన్స్ కార్యాలయం మన బంజారా హిల్స్‌లోనే ఉంది. అక్కడి నుంచి దేశమంతటా ఎందరో యువ శాస్త్రవేత్తలకు ఐదేసి ఏళ్ల ఫెలోషిప్‌లు వెళ్లాయి. ఈ సంగతి పాత బస్తీలో ఎంతమందికి తెలుసు? ఇంటర్‌లో బైపీసీ అంటే ఎంబీబీఎస్ సీటు, అది రాకపోతే జీవితం ముగిసినట్టు మాట్లాడే ఇళ్లు ఎన్ని చూశాను. హబ్సీగూడ మనకు దూరమేమీ కాదు. దూరమంతా మన లెక్కల్లో ఉంది. ఆడపిల్ల విషయంలో అయితే, పోస్ట్ డాక్ చేసే వయసూ సంబంధాలు చూసే వయసూ ఒకటే కావడంతో, ఆ లెక్క మొదటి గడిలోనే తప్పుతోంది.

వాళ్లమ్మకు నేను చెప్పింది ఇంతే. సంబంధం చూసేవాళ్లకు దాచవలసిందేమీ లేదమ్మా, మా బిడ్డ మెదడులో జ్ఞాపకం ఎక్కడ నిలుస్తుందో చూసే పని నేర్చుకుంటోంది, జీతం ఉంది, ఒప్పందం ఉంది అని చెప్పండి. విని ఊరుకుంది, ఒప్పుకుందో లేదో నాకు తెలియదు. అమ్మాయి మాత్రం దరఖాస్తు పంపింది.

ఈ రాత చదివే మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి పిల్ల ఉంటే, ఎప్పుడు సెటిలవుతావని అడగకండి, ఈ వారం ఏం చూశావో చెప్పమని అడగండి. కూచోబెట్టుకుని వినండి. ఆమెకు పని నేర్పేవాళ్లు ఆమె పేరును వ్యాసం మీద దాని చోట పెట్టాలి. ఫెలోషిప్‌లు ఇచ్చే ప్రభుత్వం ఆ డబ్బు ఏ నెలది ఆ నెలలోనే పంపాలి. అద్దె ఎవరి కోసమూ ఆగదు.